గట్టిగా బ్రేక్ వేస్తే కారు వెనక భాగం పక్కకి జారుతోందా? ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి

హైవే మీద గేదె అడ్డొచ్చి బ్రేకు బలంగా తొక్కారనుకోండి. ముందు చక్రాలు మొదట లాక్ అయితే, అంటే తిరగడం ఆగి ఈడ్చుకుపోతే, స్టీరింగు తిప్పినా కారు తిరగదు, నేరుగా జారుకుంటూ పోతుంది. వెనక చక్రాలు మొదట లాక్ అయితే డిక్కీ పక్కకి వచ్చేసి కారు రోడ్డుకి అడ్డం తిరుగుతుంది. రెండూ ప్రమాదమే. కానీ మొదటి దాంట్లో బ్రేకు కాస్త వదిలితే స్టీరింగు మళ్లీ చేతికొస్తుంది. గుద్దుకున్నా ముందు భాగమే గుద్దుకుంటుంది, అక్కడ బెల్టూ ఎయిర్‌బ్యాగూ మనల్ని కాపాడటానికి ఉంటాయి. రెండో దాంట్లో సరిచేసుకునేంత టైమ్ మామూలు డ్రైవరుకి దొరకదు, దెబ్బ డోరు వైపు తగులుతుంది. అందుకే ఖాళీ కారైనా, మనుషులూ సామానూ నిండిన కారైనా గట్టి బ్రేకులో ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా కంపెనీలు బ్రేకులు అమరుస్తాయి.

ఆ అమరిక మీ కారులో చెడిందని అనుమానం ఉంటే ఒక మాట ముందే చెప్పాలి. వెనక జారుతోంది కదా అని నేరుగా వెనక డ్రమ్ములు (వెనక బ్రేకుల గుండ్రటి డబ్బాలు) విప్పించకండి. లోపం చాలాసార్లు ముందు బ్రేకుల్లోనో, టైర్లలోనో, కుంగిపోయిన స్ప్రింగుల్లోనో ఉంటుంది. కింద చెప్పే వరుస అందుకే అలా పెట్టాను. తేలిగ్గా చూడగలిగినవీ, ఎక్కువగా చెడేవీ ముందు వస్తాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న లెక్క

ఈ లెక్క అర్థమైతే మెకానిక్ చెప్పేదాంట్లో ఏది నమ్మాలో మీకే తెలుస్తుంది. ఒక చిన్న కారు మొత్తం బరువు 1000 కిలోలు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 550, వెనక 450. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, కారు గురుత్వ కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉంది.

మెల్లగా బ్రేకు వేస్తే, అంటే గురుత్వ త్వరణంలో ఐదో వంతు వేగంతో కారు నెమ్మదిస్తే, సుమారు 46 కిలోల బరువు వెనక నుంచి ముందుకి మారుతుంది. వెనక చక్రాల మీద ఇంకా 404 కిలోలు ఉంటాయి, అంటే మొత్తంలో 40 శాతం. అదే పొడి రోడ్డు మీద 0.8 వంతు దాకా గట్టిగా తొక్కితే 183 కిలోలు ముందుకి వెళ్లిపోతాయి. వెనక మిగిలేది 267 కిలోలే, 27 శాతం. టైరుకి ఎంత బరువుంటే అంత పట్టు. మెల్లని బ్రేకులో వెనక చక్రాలు మోయగలిగిన వాటా గట్టి బ్రేకులో వాటికి మోయలేని భారం అవుతుంది.

దీని నుంచి చాలామంది ఊహించని విషయం ఒకటి తేలుతుంది. వెనక చక్రాలు ముందుగా లాక్ అవడం వాన సమస్య అని అనుకుంటాం. నిజానికి తడి రోడ్డు మీద కారు అంత గట్టిగా ఆగలేదు కాబట్టి బరువు కూడా అంతగా ముందుకి మారదు. బ్రేకు బ్యాలెన్సు తప్పిన కారు పొడి రోడ్డు మీదే ఎక్కువగా బయటపడుతుంది. వానలో మాత్రమే వెనక జారుతోందంటే మొదట టైర్లని అనుమానించండి.

చక్రం లాక్ అయితే కారు ఎందుకు తిరుగుతుందంటే, దొర్లే టైరుకి పక్కలకి కూడా పట్టు ఉంటుంది. లాక్ అయి ఈడ్చుకుపోయే టైరుకి ఆ పక్క పట్టు దాదాపు పోతుంది. కారుని వరసలో నిలిపేది వెనక టైర్ల పక్క పట్టే. అది పోయాక రోడ్డు కాస్త వాలుగా ఉన్నా, స్టీరింగు రవ్వంత తిరిగి ఉన్నా చాలు.

1. లక్షణం రాసుకోండి

షెడ్డుకి వెళ్లి "బ్రేకులు చూడు బాబూ" అంటే ఉపయోగం లేదు. ఎప్పుడు జారుతోందో గమనించండి.

వాన రాత్రి బయట నిలిపిన కారు పొద్దున మొదటి ఒకట్రెండు బ్రేకుల్లోనే పట్టేస్తోందంటే డ్రమ్ము లోపల పట్టిన పల్చటి తుప్పు, తేమ కారణం. రెండు మూడు బ్రేకులకి పోతే దాన్ని రిపేరుగా చూడక్కర్లేదు. ప్రతిసారీ ఒకే పక్కకి తిరుగుతోందంటే ఎడమ కుడి బ్రేకుల మధ్య తేడా ఉంది. ఘాట్ దిగాకే వస్తోందంటే వేడికి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్ల (డిస్కుని నొక్కే దిమ్మల) పట్టు తగ్గుతోంది. ఒంటరిగా నడిపినప్పుడు జారి, వెనక ముగ్గురు కూర్చుంటే బాగుంటోందంటే వెనక ప్రెషరు తగ్గించే వాల్వు వైపు చూడాలి. మలుపులో మాత్రమే అయితే టైర్లూ, నడిపే పద్ధతీ.

2. డాష్‌బోర్డు లైట్లు

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టి బ్రేకులో చక్రాలు లాక్ అవకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. ఏబీఎస్ ఉన్న కార్లలో సాధారణంగా ముందు వెనక బ్రేకుల వాటాని సర్దే ఈబీడీ కూడా ఉంటుంది. వెనక చక్రం ముందు చక్రం కంటే ఎక్కువ నెమ్మదిస్తోందని సెన్సర్లు చెప్పగానే వెనక ప్రెషరుని అది ఆపి పట్టుకుంటుంది. మనం పైన వేసిన లెక్కను అది రోడ్డు మీద క్షణక్షణం వేస్తున్నట్టే.

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ పనిచేయదు. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించారా, బ్రేక్ ఆయిల్ తగ్గిందా చూడండి. ఆయిల్ తగ్గి ఉంటే లీకు ఎక్కడో తేలేదాకా బండి తీయకండి. ఆ రెండూ సరిగ్గానే ఉన్నా లైట్లు ఆరకపోతే చాలా కార్లలో ఈబీడీ కూడా పోయిందని అర్థం. అప్పుడు గట్టి బ్రేకులో వెనక చక్రాలు ముందుగా లాక్ అయ్యే అవకాశం ఉంది. కారు నిలిపి మాన్యువల్ చూడండి. నడపొచ్చని అందులో ఉంటేనే, నెమ్మదిగా నేరుగా వర్క్‌షాపుకి తీసుకెళ్లండి. రెండు లైట్లతో దూర ప్రయాణం వద్దు.

లైటుకి తరచుగా కనిపించే కారణాలు చక్రం దగ్గర తెగిన సెన్సర్ వైరు, సెన్సర్ మొనకి అంటిన ఇనుప రజను. వీల్ బేరింగు మార్పించిన వెంటనే లైటు మొదలైతే, బేరింగు తిరగేసి బిగించారేమో అడగండి. చాలా బేరింగుల్లో ఒక వైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది సెన్సర్ వైపే ఉండాలి.

3. టైర్లు

రెండే కొత్త టైర్లు కొంటే షాపులో సాధారణంగా ముందు వేసేస్తారు. ఇంజిన్ ముందు చక్రాలని తిప్పే కారైనా, వెనక చక్రాలని తిప్పే కారైనా సరే, మంచి టైర్లు వెనకే ఉండాలి. ముందు పట్టు తగ్గితే స్టీరింగులో మీకు తెలుస్తుంది. వెనక పట్టు పోతే తెలిసేసరికే కారు తిరిగిపోతుంది. షాపువాళ్లు ఏమన్నా ఈ విషయంలో పట్టుబట్టండి.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందని చెప్పే చిన్న గట్లు గాడుల మధ్యలోనే ఉంటాయి. టైరు వాటితో సమానమైతే మార్చేయాలి. వానల్లో తిరిగే కారుకి అంతకంటే ముందే మార్చడం మంచిది. గాడి బాగున్నా వయసు చూడండి. టైరు పక్కన కోడులో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం. తక్కువ తిరిగిన కార్లలో గాడి నిండుగా ఉండి రబ్బరు గట్టిపడిన టైర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

గాలి డోరు అంచు మీద ఉన్న స్టిక్కరు ప్రకారం పెట్టించండి. నిండు లోడుకి వెనక టైర్లకి వేరే అంకె ఉంటే పెళ్లిళ్లకీ తిరుపతికీ బయల్దేరే ముందు అది పాటించండి.

4. ముందు బ్రేకులు

అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. ముందు బ్రేకులు బలహీనపడితే అంతే దూరంలో ఆగడానికి మీరు పెడలు ఇంకా గట్టిగా తొక్కుతారు. ఆ అదనపు ప్రెషరు వెనక్కి కూడా వెళ్తుంది. వెనక బ్రేకుల్లో ఏ లోపమూ లేకపోయినా వాటి వాటా పెరిగిపోతుంది.

సమతలంలో కారు నిలిపి, వెనక చక్రాలకి దిమ్మలు పెట్టి, జాకీతో లేపి, స్టాండు పెట్టాకే చక్రం విప్పండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకంతో కిందకి దూరకండి.

లోపలి ప్యాడు, బయటి ప్యాడు సమానంగా అరిగాయా చూడండి. ఒకటి బాగా అరిగి రెండోది నిండుగా ఉంటే కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్ను పట్టేసిందని దాదాపు ఖాయం. పిన్నులు చేత్తో లాగితే సాఫీగా కదలాలి. తుడిచి, బ్రేకుల కోసం అమ్మే గ్రీజే పెట్టించండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. ప్యాడు ముఖం అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడిందని అర్థం. దాన్ని ఎమిరీ పేపరుతో రుద్దితే కొన్నాళ్లు బాగుంటుంది, మార్చడమే నయం. పాత రబ్బరు హోసు లోపల వాచి దారి మూసుకుంటే ఆ చక్రానికి ప్రెషరు ఆలస్యంగా అందుతుంది, ఆలస్యంగా వదులుతుంది. పైకి పగుళ్లు కనిపించకపోయినా, బాగా పాత కారైతే హోసులు మార్పించేయమనే చెప్తాను.

ప్యాడ్లు కొనేటప్పుడు ఒక సంగతి గమనించండి. చాలా ప్యాడ్ల అంచు మీద కోడు చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి ఘర్షణ, రెండోది వేడెక్కాక. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ ఉన్న చోట చవగ్గా వచ్చాయని ముందు ఈఈ ప్యాడ్లు వేసి, వెనక గట్టిగా పట్టే లైనర్లు (డ్రమ్ముని రాసుకునే పట్టీలు) వేస్తే కంపెనీ లెక్క తలకిందులైనట్టే. ముందూ వెనకా కంపెనీ చెప్పిన రకమే ఉండాలి.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. జనరల్ మోటార్స్ 1980 మోడల్‌గా తెచ్చిన షెవ్రొలే సైటేషన్, దాని తోటి కార్లలో వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతున్నాయని అమెరికా ప్రభుత్వం 1983లో కోర్టుకి వెళ్లింది. వాదమంతా వెనక లైనింగుల ఘర్షణ, వెనక ప్రెషరు తగ్గించే వాల్వు చుట్టూ నడిచింది. 1987లో తీర్పు కంపెనీ పక్షాన వచ్చింది. వెనక లైనరూ వాల్వూ ఎంత పెద్ద విషయమో అర్థం కావడానికి ఆ కేసు చాలు.

5. వెనక డ్రమ్ములు

ఇప్పుడు వెనక్కి రండి. డ్రమ్ము తీసినప్పుడు వచ్చే పొడిని గాలి కొట్టి ఊదించకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తీయండి.

షూలని (లైనరు అతికించిన వంపు ముక్కలని) డ్రమ్ము మీదకి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు కొద్దిగా ఎత్తి చూడండి. లోపల ఆయిల్ ఊరి ఉంటే సిలిండర్ పోయింది. ఆయిల్ తడిసిన లైనరుని పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోకండి. లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కినప్పుడల్లా పైకి వస్తుంది. తడిసిన షూ ఒకసారి జారుతుంది, ఒకసారి చటుక్కున పట్టేస్తుంది. షూలు రెండు పక్కలా కలిపే మార్చాలి.

డ్రమ్ములో ఒక షూని చక్రం తిరుగుడే డ్రమ్ము మీదకి లాక్కుంటుంది. అందువల్ల లైనరు ఘర్షణలో చిన్న తేడా కూడా బ్రేకులో పెద్ద తేడాగా కనిపిస్తుంది. తేమకీ తుప్పుకీ డ్రమ్ములు పట్టేయడానికి కారణం ఇదే. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో దాని మీదే పోత పోసి ఉంటుంది. ఆ కొలత దాటితే లేతు పట్టించడం కాదు, మార్చాలి.

ఇక హ్యాండ్‌బ్రేకు కేబులు. పెడలు కిందకి వెళ్తోందని చెబితే కొందరు మెకానిక్‌లు కేబులు బిగించేస్తారు. పెడలు పైకి వచ్చి బ్రేకులు బాగైనట్టు అనిపిస్తుంది. కానీ షూలు ఎప్పుడూ డ్రమ్ముని రాసుకుంటూ వేడెక్కుతాయి, పెడలు తాకగానే వెనక పట్టేస్తుంది. మొదట కేబులు వదులు చేయాలి, తర్వాత షూల అడ్జస్టరు సరిచేయాలి, చివరికి మాన్యువల్లో చెప్పినన్ని క్లిక్కులకి కేబులు బిగించాలి. అయ్యాక రెండు వెనక చక్రాలు లేపి చేత్తో తిప్పండి. రెండూ ఒకేలా, ఆగకుండా తిరగాలి.

6. వాల్వు, కారు ఎత్తు

ఏబీఎస్ లేని కార్లలో వెనక ప్రెషరుని అదుపు చేసేది ఒక వాల్వు. కొన్ని కార్లలో అది ఒకే పద్ధతిలో పనిచేస్తుంది. మరికొన్నిట్లో లోడుని బట్టి మారుతుంది, మెకానిక్‌లు దాన్ని ఎల్‌ఎస్‌పీవీ అంటారు. వెనక ఇరుసు దగ్గర బాడీకి బిగించి ఉంటుంది, ఒక స్ప్రింగో కడ్డీయో దాన్ని ఇరుసుకి కలుపుతుంది. లోడు పెరిగి బాడీ కిందకి దిగితే వెనక్కి ఎక్కువ ప్రెషరు వదులుతుంది. కారు ఖాళీ అయి బాడీ లేస్తే తగ్గిస్తుంది.

అంటే ఆ వాల్వు బరువుని తూచడం లేదు, ఎత్తుని చూస్తోంది. వెనక స్ప్రింగులు కుంగిపోయిన కారుని అది నిండు కారు అనుకుంటుంది. ఖాళీగా వెళ్తున్నా వెనక బ్రేకులకి పూర్తి ప్రెషరు పంపిస్తుంది. స్పీడ్ బ్రేకర్లకి తగులుతోందని స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు పెట్టించిన కారులో దీనికి తిరగేసి జరుగుతుంది. నిండు లోడు ఉన్నా వాల్వు ఖాళీ అనుకుని వెనక బ్రేకుని తగ్గించేస్తుంది, ముందు బ్రేకులే మొత్తం మోస్తాయి, ఆగే దూరం పెరుగుతుంది.

ఖాళీ కారులో ప్రతి చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. మాన్యువల్లోని కొలతతో గానీ, అదే మోడల్ మంచి కండిషన్ కారుతో గానీ పోల్చండి. వెనక తక్కువగా ఉంటే మొదట వెనక స్ప్రింగులు మార్పించండి. తర్వాత వాల్వు సెట్టింగు ప్రెషరు గేజీలు పెట్టి చూడాలి. కంటి అంచనాతో నట్టు తిప్పే చోటు కాదిది.

సెకండ్‌హ్యాండ్ కారైతే అసలు వాల్వు ఉందో లేదో చూడండి. లీకైన వాల్వుని తీసేసి పైపు నేరుగా కలిపేసిన కార్లు తిరుగుతూనే ఉన్నాయి. కడ్డీని తీగతో కట్టేసినా అంతే. ఇది కనిపిస్తే మిగతావన్నీ ఆపి మొదట ఇది బాగుచేయించండి.

7. బ్రేక్ ఆయిల్

డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరగాలి, డాట్ 4 కనీసం 230. గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140, 155కి పడిపోతాయి. రెండేళ్లకోసారి మార్చండి.

బ్రేకు పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీసేటప్పుడు ఎల్‌ఎస్‌పీవీ ఉన్న కారుని లిఫ్టు మీద వేలాడదీస్తే వాల్వు ఖాళీ కారు అనుకుని బిగుసుకుంటుంది, వెనక గాలి పూర్తిగా రాకపోవచ్చు. ఇరుసు కింద స్టాండ్లు పెట్టి కారు బరువు చక్రాల మీద ఉన్నట్టే ఉంచమని చెప్పండి.

8. పరీక్ష

కొత్త ప్యాడ్లు, షూలు వేసుంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా బ్రేకు వేస్తూ నడిపాకే పరీక్షించండి. మంచి పద్ధతి రోలర్ బ్రేక్ టెస్టర్. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో ఉంటుంది. ఒక్కో చక్రం ఎంత బలంతో ఆగుతోందో అంకెల్లో వస్తుంది. ఎడమ కుడి తేడా వెంటనే కనిపిస్తుంది, ఆ కాగితం దాచుకోండి.

అది దొరకకపోతే, ఏబీఎస్ లేని కారుని మనుషులు తిరగని, పొడిగా ఉన్న, చదునైన ఖాళీ స్థలానికి తీసుకెళ్లండి. వెనక సీట్లు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే వెనక తేలిగ్గా ఉండటమే ఈ పరీక్షకి కష్టమైన పరిస్థితి. బెల్టు పెట్టుకోండి. దూరంగా, పక్కన నిలబడి ఒకరు వీడియో తీయాలి. 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, నేరుగా వెళ్తూ, ఒక్కోసారి కొంచెం ఎక్కువగా తొక్కండి. వేగం 40 దాటనక్కర్లేదు. ముందు చక్రాలే మొదట లాక్ అవ్వాలి. వెనకవి ముందు లాక్ అయితే ఆ కారుని వేగంగా నడపకండి, మళ్లీ నాలుగో అంశం నుంచి చూడండి. ఏబీఎస్ ఉన్న కారులో ఫ్యూజు తీసి ఈ పరీక్ష చేయొద్దు. పెడలు కాలి కింద దడదడలాడుతూ కారు వరసలో ఆగితే చాలు.

నడిపేటప్పుడు

మలుపుకి ముందే, స్టీరింగు నేరుగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించండి. మలుపులో వెనక టైర్లు పక్కకి పట్టుకునే పనిలో ఉంటాయి. అప్పుడే బరువుని ముందుకి నెడితే వాటికి ఏమీ మిగలదు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో, మారేడుమిల్లిలో, శ్రీశైలం దారిలో చిన్న గేరులోనే దిగండి, బ్రేకులు వేడెక్కవు. ఈకో, బొలెరో లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో ఒక జాగ్రత్త ఉంది. ఇంజిన్ లాగే బ్రేకు కూడా వెనక చక్రాల మీదే పడుతుంది కాబట్టి, తడి రోడ్డు మీద గట్టి బ్రేకుతో పాటు ఒక్కసారిగా గేరు తగ్గించి క్లచ్ వదలకండి. పైన క్యారియర్ మీద బరువు పెరిగితే గురుత్వ కేంద్రం ఎత్తవుతుంది, బరువు ఇంకా ఎక్కువగా ముందుకి మారుతుంది. బరువైన పెట్టెలు కింద, వెనక సీటుకి ఆనించి పెట్టండి.

వేగంలో ఉండగా హ్యాండ్‌బ్రేకు లాగవద్దు. అది పనిచేసేది వెనక చక్రాల మీదే.

వెనక జారడం మొదలైతే, ఏబీఎస్ లేని కారులో కాలు కొద్దిగా తేల్చండి, చక్రాలు మళ్లీ దొర్లాలి. క్లచ్ తొక్కండి. మీరు వెళ్లాల్సిన వైపే చూస్తూ స్టీరింగుని అటే కొద్దిగా తిప్పండి, కారు సర్దుకోగానే స్టీరింగు మధ్యకి తెచ్చి మళ్లీ బ్రేకు వేయండి. ఏబీఎస్ ఉన్న కారులో పెడలు పంపు కొట్టొద్దు. పూర్తిగా తొక్కి అలాగే పట్టుకుని స్టీరింగుతో తప్పించుకోండి.